మరవ లేని గుంట

తిరుపతి,
12-4-1981

గంగాధరం బావకు ధనంజయ నమస్కారాలు.

ఈ ఎండల్లో ఒంటి సంగతులు రాసుకుంటే చెమట సంగతులే అవుతాయి కనుక వాటిని వదిలేసి పనికి వస్తాను.

విషయం: పెరటిలో జలపాత సహిత తటాక నిర్మాణం గూర్చి.

నవ్వకు. హెడ్ క్లర్కుగా ఉన్నన్నాళ్లూ పైన విషయం రాయకుండా నేను ఏ కాగితమూ పంపలేదు. రిటైరైనంత మాత్రాన చేతి అలవాటు పోతుందా? మొన్న మా పాత ఆఫీసరుగారి ఇంటి పెళ్లికి నేనూ దేవకీ మద్రాసు వెళ్లాము. దిగిన హోటలు ముందర రాళ్లు పేర్చి, పైనుంచి నీళ్లు జారేటట్టు చేశారు. కింద చిన్న గుంట, అందులో ఎర్ర చేపలు. ఒక పక్క చిన్న చక్రం తిప్పితే ధార పెరుగుతుంది, ఇంకో పక్కకు తిప్పితే తగ్గుతుంది. తిప్పేవాడు ఖాకీ చొక్కా వేసుకున్న మామూలు మనిషి. వాడు చెప్పినట్టు నీళ్లు వింటున్నాయి బావా! చూస్తూ నిలబడ్డాను, పెళ్లిలో ఆఖరి పంక్తి కూడా లేచిపోయింది. ఆకలితో తిరిగి వచ్చినందుకు నీ చెల్లెలు ఇప్పటికీ దెప్పుతూ ఉంది.

ఆఫీసులో ఉన్నప్పుడు నా మాట పదిమంది వినేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో పిల్లి కూడా వినదు. నీళ్లయినా వింటాయేమో చూద్దామని పెరట్లో పని మొదలుపెట్టించాను. మేస్త్రి పేరు కుప్పయ్య. ఏమి చెప్పినా "అట్నే సార్" అంటాడు. మేస్త్రికి అంతకన్నా అర్హత ఏమి కావాలి?

నువ్వు పుట్టినప్పటి నుంచి కాలవల్లో నీళ్లు తిప్పినవాడివి. నీళ్లను అదుపులో పెట్టే పద్ధతి పాయింట్లవారీగా రాసి పంపు. పాత కథలు వద్దు.

నీ బావమరిది
ధనంజయ

ఐరాల,
20-4-81

ధనంజయకు గంగాధరం దీవెనలు.

నీ జాబు మామిడితోపులో ఉండగా అందింది. పాత కథలు వద్దన్నావు కాబట్టి ఒక్కటే చెప్పి ముగిస్తాను.

మా తాత కపిల తోలేవాడు. ఎద్దులు పల్లానికి దిగితే తోలుబొక్కెన పైకి వచ్చి నీళ్లు కుమ్మరించేది, ఎద్దులు వెనక్కు నడిస్తే మళ్లీ బావిలోకి దిగేది. తాత పాడుతూ ఉంటే ఎద్దులు నడుస్తాయి, పాట ఆపితే ఆగిపోతాయి. ఒకనాడు తాత పాడుతూ పాడుతూ నిద్రపోయాడు. నిద్రలో కూడా పాట ఆగలేదట! తెల్లారి చూస్తే మన మడి నిండి, పక్కవాళ్ల మడి నిండి, దాని పక్కవాళ్ల పెళ్లిపందిట్లోకి నీళ్లు వెళ్లాయి. ఆ పెళ్లికొడుకు తరువాత మాకు చుట్టమయ్యాడు, అది వేరే కథ. ఇందులో నీకు పనికొచ్చేది ఏమిటంటే, నీళ్లు తోడేవాడు ఎవడైనా కావచ్చు, మడికి నీళ్లు తిప్పే మడవ దగ్గర మెలకువగా ఒక మనిషి ఉండాలి.

ఇక నా ప్రశ్నలు. నీ గుంట కింద ఎంత భూమి పారుతుంది? వరా, చెరుకా? అన్నిటికన్నా ముఖ్యం, మరవ ఎక్కడ పెట్టావు? గుంట నిండినప్పుడు మిగులు నీళ్లు మర్యాదగా బయటికి పోవడానికి ఒక దారి ఉండాలి. మరవ లేని గుంట వాకిలి లేని ఇల్లు. లోపలికి వచ్చినవాళ్లు గోడ పగలగొట్టుకునే పోతారు.

మా ఇంటిది శకుంతలకు సంతోషం పట్టలేకుండా ఉంది. "తిరపతిలో ధనంజయన్న సేద్యం మొదులుపెట్టినాడంట" అని వీధి వీధీ చెప్పి వచ్చింది. గట్టు మీద నాటుకోమని అరటి పిలకలూ, ఒక సంచెడు చేమగడ్డలూ పాకాల బస్సులో వేసి పంపుతున్నాను.

గెనిమ గట్టు మీద కూర్చుని రాసినందున అక్షరాలు వంకర,
గంగాధరం

తిరుపతి,
9-5-1981

బావకు నమస్కారాలు.

నీ జాబు చదివి కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను.

గుంట కింద సేద్యం లేదు. వరి లేదు, చెరుకు లేదు. నీళ్లు మోటారుతో పైకి పోతాయి, రాళ్ల మీదుగా కింద పడతాయి, మళ్లీ పైకి పోతాయి. అంతే. చూడటానికి. మనిషికి కళ్లు కూడా దేవుడే ఇచ్చాడు.

అరటి పిలకలు పక్కింటి శఠగోపంగారు పట్టుకుపోయారు. ఆయన సంస్కృతం పంతులుగా రిటైరయ్యారు, చాదస్తంలో మాత్రం ఇంకా సర్వీసులోనే ఉన్నారు. వాళ్ల వంటింటి వెనకే మన ప్రహరీ. ఆ గోడకు ఆనించే నేను కొండ కట్టించాను.

కష్టాలు రాస్తాను. మొదట చిన్న మోటారు పెట్టించాను. నీళ్లు పైదాకా వచ్చాయి కానీ కింద పడలేదు, రాళ్లకు చెమట పట్టినట్టు ఊరాయి. "ఇదేనా జలపాతం? మా యమ్మ ముక్కు ఇంతకంటే బాగా కారేది" అంది దేవకి. పట్టుదలతో పెద్ద మోటారు తెచ్చాను. ధార ఎగిరి గుంటను దాటి, గోడను దాటి, శఠగోపంగారి భార్య సుందరవల్లిగారు ఎండబెట్టిన వడియాల మీద పడింది. ఆవిడ తడిసిన వడియాల చాప తెచ్చి మన వాకిట్లో పరిచి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరువాత గొట్టానికి గేటు వాల్వు బిగించాము. సగం కడితే నీళ్లు రాతి అడుగు నుంచి వెనక్కు పాకి గోడలోకి దిగుతున్నాయి. కొంచెం వదిలితే మళ్లీ వడియాలు. రోజంతా వాల్వు దగ్గరే ఉంటున్నాను. ఏమి చెయ్యాలో రాయి.

మరవ గురించి అడిగావు. అది డ్రాయింగులో లేదు.

ఇంకో మాట. మద్రాసు నుంచి ఎర్ర చేపలు తెప్పించాను. వాటికి తోడుగా మీ చెరువులో చేపలేమైనా దొరికితే పంపు. చురుగ్గా ఉండేవి అయితే మేలు.

ధనంజయ

ఐరాల,
18-5-81

ధనంజయా,

పడిన నీళ్లే మళ్లీ పైకి పోతాయని నువ్వు రాసిన ముక్కను రచ్చ దగ్గర నలుగురికీ చదివి వినిపించాను. ఎవరూ నమ్మలేదు. మన మునివెంకటప్ప నీకు తెలుసు కదా, ఏ ఊళ్లో పొయ్యి వెలిగినా ముందుగా విస్తరి వేసుకునే మనిషి, ఆయన చాలాసేపు ఆలోచించి అడిగాడు: "అట్లయితే ఆ నీళ్లకు రెస్టు ఎప్పుడప్పా?" జవాబు తోస్తే రాయి.

నీ జబ్బుకు మందు సులువు. ఇంటి చూరు చూడు. గోడకు అంటుకుని ఉంటే వాన నీళ్లు గోడ వెంటే దిగుతాయి, ముందుకు వస్తే ధారగా పడతాయి. మీ కొండ నెత్తిన కడపబండ ఒకటి జానెడు ముందుకు తోయించు. అప్పుడు వాల్వు కొంచెం తిప్పినా చాలు, నీళ్లు దుప్పటి ఆరేసినట్టు పడతాయి.

నేనేదో నీళ్ల పండితుణ్ని అనుకోకు. పోయిన నెల ఒక మనిషి వచ్చాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒక చోట టెంకాయ నిక్కి నిలబడింది. అక్కడ తవ్వించాను. రాయి పడింది. ఇది నా చేతి మీద నాలుగో బావి. "టెంకాయ అబద్ధం సెప్పదు, నీ నేలే మాట తప్పినాది" అని చెప్పి, ఆ టెంకాయ కొట్టుకుని తిని, ఆ మనిషి వెళ్లిపోయాడు. నీకు నీళ్లున్నాయి, సేద్యం లేదు. నాకు సేద్యముంది, నీళ్లు లేవు. మనిద్దరినీ ఒకే మనిషిగా పుట్టించి ఉంటే దేవుడికి కొంత ఖర్చు తగ్గేది.

చేపలు మా చేలో పనిచేసే చిన్నబ్బ చేతికి ఇచ్చి కుండలో పంపుతున్నాను. కొర్రమీన్లు. చురుకు అడిగావు కదా, వీటిని మించినవి లేవు.

గంగాధరం

తిరుపతి,
3-6-1981

బావకు,

నీ బండ సలహా పనిచేసింది. నీళ్లు నిజంగానే దుప్పటిలా పడుతున్నాయి! వాల్వు ఒక వేలితో తిప్పితే వినయంగా తగ్గుతాయి, ఇంకో వేలితో తిప్పితే ఉత్సాహంగా పెరుగుతాయి. ఇంత క్రమశిక్షణ గల సిబ్బంది నాకు సర్వీసులో దొరకలేదు. సాయంత్రం పూట కాలనీ వాళ్లు వచ్చి చూసి పోతున్నారు.

ఇక నీ చేపలు. అవి వచ్చిన మరునాటి నుంచి నా ఎర్ర చేపలు ఒక్కొక్కటే రాజీనామా చేయసాగాయి. పిల్లి పని అనుకుని దాన్ని కట్టేశాను. ఆఖరి ఎర్ర చేప తోక నీ కొర్రమీను నోట్లోనుంచి కనిపించినప్పుడు గాని నిజం తెలియలేదు. ఇప్పుడు గుంటలో నల్లగా, లావుగా రెండు చేపలు ఉన్నాయి, పైకి వచ్చి నా వంక చూస్తాయి. వచ్చినవాళ్లకు "తాబేలు జాతి" అని చెబుతున్నాను.

దేవకికి ఇక్కడి ఎండ పడటం లేదు. గాలి మార్పు కోసం మీ ఊరు వస్తోంది. ఏమైనా చెబితే అందులో అతిశయోక్తి పాలు తీసేసి మిగిలింది వినగలవు.

ధనంజయ

ఐరాల,
12-6-81

ధనంజయా,

గాలి మార్పుకు వచ్చే మనిషి మంచినీళ్ల ఇత్తడి బిందె చంకన పెట్టుకుని వస్తుందా?

దేవకి బస్సు దిగి, బిందె అరుగు మీద పెట్టి, దాని పక్కన కూర్చుంది. శకుంతల మజ్జిగ ఇచ్చింది. తాగాక మొదలుపెట్టింది. అతిశయోక్తి పాలు తియ్యమన్నావు. నాకు జల్లెడ లేదు, కాబట్టి అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"అన్నా, కొళాయి దినం మార్చి దినం వస్తాది. తెల్లారకముందే లేసి తొట్టి నింపి పెట్టుకుంటా. ఆ దినం నేను దేవళానికి పోయి వచ్చేలోపల ఈయప్ప బకెట్టుతో ఎత్తి ఆ గుంటలో పోసేసినాడు. నగరి నుంచి సుట్టాలు వచ్చినారు. గొంతు తడుపుకునేదానికి గుక్కెడు నీళ్లు లేవు. జలపాతం మాత్రం జోరుగా పారతా ఉండాది. వాళ్లు దాన్నే సూస్తా, మింగుడు పడకుండా కూసున్నారు. యెందుకు పోసినావంటే, నీళ్లు తగ్గితే మోటారు కాలిపోతాదంట. నేను కాలిపోతే పర్వాలేదా అని అడిగినా."

"దానికి ఏమన్నాడమ్మా?"

"ఏమంటాడు? వాల్వు తిప్పతా ఉన్నాడు."

నేను నీ తరఫున నాలుగు మాటలు చెప్పబోయాను. నువ్వు చెడ్డవాడివి కావు, చూపు కొంచెం అటువైపు పోయింది అన్నాను. దానికి ఆమె ఒకటే మాట చెప్పింది: "ఇంటి నీళ్లు నా సేతిలో ఉంటాయని ఆయప్ప నోరు తెరిచి సెప్పి పిలిస్తే పోతా. లేకుంటే నా బిందె ఈడనే ఉంటాది, నేనూ ఈడనే."

ఇది బెదిరింపు కాదప్పా. బిందెను మా దేవుడి గూటి పక్కన కడిగి పెట్టుకుంది. వచ్చి పిలుచుకుపో.

గంగాధరం

తిరుపతి,
1-7-1981

బావకు నమస్కారాలు.

నీ జాబు ఫైలులో పెట్టుకున్నాను.

దేవకిని నేను పంపలేదు, ఆమె స్వయంగా వెళ్లింది. స్వయంగా వెళ్లినవారు స్వయంగా తిరిగి చేరవలసి ఉంటుంది. రూలు అది, నేను చేసింది కాదు.

నాకు ఇబ్బంది ఏమీ లేదు. రెండు పూటలా స్టేషను దగ్గర హోటలులో తింటున్నాను. అక్కడి సాంబారు కూడా పడిన నీళ్లే మళ్లీ పైకి పోయే పద్ధతిలో తయారవుతుందని నా అనుమానం. ఒకనాడు ఇంట్లోనే పప్పు చేసుకుందామని ప్రయత్నించాను. ఆవాలు దొరకలేదు. ఆవాలు ఎక్కడ పెడుతుందో ఆమెను అడిగి రాయి. నేను అడిగినట్టు చెప్పకు, నువ్వే అడిగినట్టు అడుగు.

జలపాతం బాగా పారుతోంది. చూసేవాళ్లు తగ్గారు. మోటారు ఆపితే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకని ఆపడం లేదు.

ధనంజయ

ఐరాల,
15-7-81

ధనంజయా,

నువ్వు చెప్పినట్టే అడిగాను. "అమ్మా దేవకీ, తిరుపతిలో ఆవాలు యాడ పెడతావు?" అన్నాను.

"తిరపతి ఆవాలు నీకెందుకన్నా?"

నాకు అబద్ధాలు రావు. కథలు వేరు, అబద్ధాలు వేరు. నీ జాబు తీసి మొత్తం చదివి వినిపించాను. నిశ్శబ్దం గురించి రాసిన చోట ఆమె మనసు కరుగుతుందని గొంతు కాస్త తగ్గించి చదివాను. ఆమె "మోటారు ఆపడం లేదు" అనే ముక్క దగ్గరే ఆగిపోయింది.

"సూసినావా అన్నా? ఇంకా ఆపలేదంట! నీళ్లు యాడనుంచి వస్తా ఉండాయి? నా కొళాయివే కదా?"

వాక్యంలో మొదటి సగం ఎక్కడికి పోయిందో దేవుడికెరుక. ఆడవాళ్లకు రాసేటప్పుడు ముఖ్యమైన మాట ఆఖరున పెట్టకూడదా?

ఆవాలు బియ్యం డబ్బా వెనక ఉన్నాయట. "కావాల్సినోళ్లు వచ్చి అడగొచ్చు, బస్సు రోజూ తిరగతా ఉండాది" అని కూడా రాయమంది.

ఇక్కడ వాన లేదు. మన చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. చెరువు నిండి చివరిసారి మరవ పోయింది ఎప్పుడంటే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కొక్క సంవత్సరం చెబుతున్నారు. కొట్లాట వచ్చేటట్టు ఉంది. నువ్వు వచ్చేటప్పుడు దేవుడి మీద ఒట్టేసి మోటారు ఆపి రా.

గంగాధరం

ఐరాల,
4-11-81
(మునివెంకటప్ప చేతికి ఇచ్చి)

మా ఇంటి అల్లుడు ధనంజయకు,

"గుంట పొర్లింది. వెంటనే బయలుదేరు" అని నువ్వు కొట్టిన తంతి అందింది. చదివి చెప్పిన పోస్టుమాస్టరు నోట్లో బెల్లం పెట్టాను!

ఇన్ని నెలలుగా ముభావంగా రాస్తూ వచ్చావు, ఇంత శుభవార్త మాత్రం తంతిలో పంపావు. అదీ మనిషితనం. మన చెరువు ఈ వానలకు సగం కూడా నిండలేదు. ఊరు ఊరంతా ముఖాలు వేలాడేసుకుని ఉంది. అల్లుడి గుంట మరవ పోయిందంటే అది మన గంగమ్మ కాకుండా ఎవరి గంగమ్మ? మరవ పోయిన చోట పూజ చెయ్యకుండా ఊరుకుంటే మళ్లీ ఏడాది నీళ్లు మొహం చూపించవు.

నేను రాలేను. నాలుగో బావిలో తేమ కనబడిందని ఎవరో అంటే దిగి చూడబోయి కాలు బెణికింది. తేమ కాదు, కప్ప. నా బదులు మునివెంకటప్పనూ, పలకలు వాయించేవాళ్లనూ, పెద్దమనుషులు కొందరినీ, ఒక పొట్టేలునూ పంపుతున్నాను. బరువు పని ఏదైనా ఉంటుందేమోనని రెండు గడ్డపారలు కూడా వేశాను.

దేవకిని నేను పొమ్మనలేదు. మరవలో పసుపు కుంకుమ, చీర వదలాల్సింది ఆ ఇంటి ఇల్లాలే కదా అని మునివెంకటప్ప గాలిలోకి ఒక మాట అన్నాడు. ఆమె లోపలికి పోయి బిందె తోముకుని వచ్చి, అందరికన్నా ముందు బస్సెక్కి కూర్చుంది. నువ్వు పిలవలేదు కాబట్టి ఇది నీ దగ్గరికి రావడం కాదట, గంగమ్మ దగ్గరికి పోవడమట. పూజ కాగానే తిరిగి వస్తానని శకుంతలకు చెప్పింది.

ఇక నోరు నీది.

గంగాధరం

తిరుపతి,
9-11-1981

బావకు,

నేను తంతిలో కోరింది గడ్డపారతో ఒక మనిషిని. వచ్చింది పలకలతో ఒక ఊరు.

జరిగింది రాస్తాను. మూడు రోజులుగా వాన, దానితో కొళాయి కూడా రాత్రీ పగలూ ఆగకుండా వస్తోంది. ఆ ఉదయం కొళాయి గొట్టం గుంటలో వదిలి హోటలుకు టిఫినుకు వెళ్లాను. అక్కడ వాన పట్టుకుంది. వచ్చేసరికి గుంట నిండి, పొర్లి, ప్రహరీ అడుగున కన్నం చేసుకుని, సరాసరి శఠగోపంగారి వంటింట్లోకి వెళ్లింది. దేవుడికి తళిగ, అంటే నైవేద్యం, పెట్టే వేళ. పొయ్యి ఆరిపోయింది. గిన్నెలు తేలుతున్నాయి. శఠగోపంగారు పంచె పైకి పట్టుకుని పీట మీద నిలబడి ప్రళయం గురించి శ్లోకాలు చదువుతున్నారు. ఊళ్లో పిలిస్తే ఎవరూ రారు, నీళ్ల సంగతి నీకన్నా తెలిసినవాడు లేడు అని తంతి కొట్టాను. వాన తెరిపి ఇవ్వలేదు. కుప్పయ్యకు కబురు పంపితే "అట్నే సార్" అన్నాడట, రాలేదు. మరునాడంతా నేనూ శఠగోపంగారూ బకెట్లతో ఎత్తిపోస్తూనే ఉన్నాము.

ఆ స్థితిలో పలకల మోత వినిపించింది. కాలనీలో సగం మంది ఎవరో పోయారనుకున్నారు. చాలామంది నేనే అనుకున్నారు. తువ్వాళ్లు భుజాన వేసుకుని పరామర్శకు వచ్చి, నేను బకెట్టుతో కనబడేసరికి కొంత నిరుత్సాహపడ్డారు.

మునివెంకటప్ప శఠగోపంగారికి చేతులెత్తి మొక్కాడు. "అయ్యోరా, మీ ఇంట్లోకి గంగమ్మ నడిసి వచ్చినాది! ఎంత పున్నెం సేసుకున్నారో!"

"గంగమ్మ రావచ్చునయ్యా, వాకిట్లోంచి రావచ్చును కదా! వంటింటి గోడకు కన్నం వేసుకుని రావడమేమిటి?" అన్నారాయన పీట మీదనుంచే.

ఈలోపు పొట్టేలు ఆయన తులసికోట దగ్గరికి చేరింది. ఆ తరువాత ఆయన ఏ శ్లోకాలు చదివారో నాకు తెలియదు, అవి మామూలు పుస్తకాల్లో ఉండవు.

దేవకి బస్సు దిగి నా వంక చూడలేదు. బిందె గడప మీద పెట్టింది. పెరట్లోకి వెళ్లింది. మేమంతా ఎత్తిపోస్తున్నామా, అది మళ్లీ నిండుతోందా, వానే కారణమనుకుంటున్నాము. ఆమె గుంటలో చెయ్యి పెట్టి గొట్టం పైకి తీసింది. దాంట్లోంచి ఇంకా నీళ్లు వస్తున్నాయి. కొళాయి దగ్గరికి వెళ్లి కట్టేసింది. ఇంతమంది మగవాళ్లం, ఒకరు సంస్కృతం చదివినవారు, ఒకరు హెడ్ క్లర్కు. కొళాయి కట్టాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు గడ్డపారలవాళ్లను పిలిచి, గుంట గట్టు తెగగొట్టించి, వీధి కాలవదాకా ఒక దారి తీయించింది. నీళ్లు బుద్ధిగా అటు తిరిగాయి. ఆ దారిలోనే పసుపు కుంకుమ చల్లి చీర వదిలింది. సుందరవల్లిగారి వంటిల్లు తానే కడిగి, పొయ్యి వెలిగించి ఇచ్చింది. పొట్టేలును కోస్తామంటే వద్దని వెనక్కు తోలింది. మునివెంకటప్ప ముఖం నేను వర్ణించలేను.

అయ్యాక ఆయన వాకిట్లో నిలబడి కేకేశాడు. "అమ్మా, బస్సుకు టయమైనాది. వస్తావా, ఉంటావా?"

ఆమె వెళ్లి బిందె చంకన పెట్టుకుంది. బావా, ఆ గడపలో బిందె ఉన్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండింది. అది లేచేసరికి బకెట్టు కింద పెట్టేశాను. కాలనీ అంతా చూస్తూ ఉంది. రూలు గుర్తు వచ్చింది. ఆ తరువాత హోటలు సాంబారు గుర్తు వచ్చింది, దాని తరువాత ఇంకేదో గుర్తు వచ్చింది, అది రాయడం నాకు చేతకాదు.

"దేవకీ, కొళాయి నీదే. తొట్టి నీదే. వాల్వు కూడా నీదే. ఉండిపో" అన్నాను.

"గట్టిగా సెప్పు. పలకల సప్పుడులో ఇనపళ్లా" అంది.

పలకలు అప్పటికే ఆపేసి వాళ్లు బీడీలు కాలుస్తున్నారు. అయినా గట్టిగా చెప్పాను. శఠగోపంగారు పీట మీద నుంచి "సాధు, సాధు" అన్నారు.

బిందె లోపలికి వెళ్లింది.

ధనంజయ

ఐరాల,
22-11-81

ధనంజయా,

మునివెంకటప్ప ఇంకా నాతో మాట్లాడటం లేదు. పొట్టేలుకు తిరుగు ప్రయాణంలో కండక్టరు టిక్కెట్టు కొట్టాడట, తిండీ లేదు, పైగా ఖర్చూ. పొట్టేలు మాత్రం తిరుపతి పోయి వచ్చిన గౌరవంతో మందలో విడిగా నిలబడుతోంది.

నా చెల్లెలు సంగతి నాకు తెలుసు. వచ్చిన మరునాడే ఆ కొండను పలుగుతో పొడిపించి, గుంట పూడిపించి ఉంటుంది. నువ్వు బాధపడకు. మనిషి ఇంట్లో ఉంటే రాళ్లు లేకపోయినా బతకవచ్చు. అందుకని ఒక మాట అడుగుతున్నాను. ఆ పెద్ద మోటారు ఊరికే తుప్పు పట్టడం దేనికి? ఐదో బావి తవ్విస్తున్నాను. ఈసారి టెంకాయ కాదు, వేపపుల్లతో చూసే మనిషి. వచ్చే వారం చిన్నబ్బ వస్తాడు, మోటారు, గొట్టాలు, వాల్వు విప్పించి పంపు.

గంగాధరం

తిరుపతి,
6-12-1981

బావకు,

చిన్నబ్బను పంపకు. మోటారు ఖాళీగా లేదు.

కొండ ఉంది. గుంట ఉంది. కన్నం పడిన చోట సిమెంటు పూశాము. మరవ దారికి రెండు వైపులా శఠగోపంగారే మీ అరటి పిలకలు తెచ్చి నాటారు, వాళ్ల పెరట్లో చోటు చాలలేదట. కొర్రమీన్లు కూడా ఉన్నాయి, సుందరవల్లిగారు వాటికి అటుకులు వేస్తుంది. అవి తినవని ఆవిడకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

దేవకి దేన్నీ పగలగొట్టలేదు. ఒక్క పని చేసింది. వాల్వు మీద ఉండే ఇనుప పిడి ఊడదీసి, బీరువా తాళాల గుత్తికి తగిలించి నడుముకు దోపుకుంది. కొళాయి వచ్చి, తొట్టి నిండి, బిందె నిండి, ఆమెకు తృప్తి కలిగిన తరువాతే జలపాతం. అది కూడా ఆమె తిప్పితేనే.

ఇప్పుడు ఎవరైనా చూడటానికి వస్తే నేను లోపలికి పోయి, "దేవకీ, కొంచెం నీళ్లు ఇస్తావా?" అని అడగాలి. ఆమె వంటింటి కిటికీలోంచి మనిషిని చూస్తుంది. మనిషిని బట్టి ధార. మా పాత ఆఫీసరుగారు మద్రాసు నుంచి పని గట్టుకుని వచ్చారు. ఆయనకు రాళ్లు తడిసేంత మాత్రమే ఇచ్చింది. "మీది చాలా సహజంగా ఉందయ్యా" అన్నారాయన. సుందరవల్లిగారు గోడ మీదుగా తొంగి చూస్తే మాత్రం దుప్పటి దుప్పటిగా వదులుతుంది. కాలనీలో ఇప్పుడు ఎవరికి ఎంత పడిందో దాన్ని బట్టి మర్యాదలు లెక్క కడుతున్నారు. కొందరు పళ్లు తెస్తున్నారు. నాకు కాదు.

నిన్న సాయంత్రం ఎవరూ రాలేదు. వంటింటి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. "ఏమిటి?" అంది. "ఎవరూ లేరు. నాకే" అన్నాను. ఆమె పప్పు దించి, చెయ్యి తుడుచుకుని, నడుము దగ్గరి గుత్తి తీసుకుని పెరట్లోకి వచ్చింది. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాము.

ఎంత వదిలిందో నీకు రాయను.

ధనంజయ